కొన్నా సొంతం కాని పుస్తకం: లైబ్రరీలకు ఈ-బుక్కులు ఎలా వస్తాయి, పాఠకుడి దాకా ఎలా వెళ్తాయి

క్లుప్తంగా: కాగితం పుస్తకం కొంటే లైబ్రరీ దానికి యజమాని అవుతుంది. ఈ-బుక్కుకు డబ్బు కడితే చాలాసార్లు దొరికేది గడువున్న అనుమతి మాత్రమే. ఫోనులో చదివే పుస్తకానికి కూడా వెయిటింగ్ లిస్టు ఎందుకు, అమెరికాలో లైబ్రరీలకూ ప్రచురణ సంస్థలకూ కోర్టుల దాకా గొడవ ఎందుకు, యూనివర్సిటీ విద్యార్థికి అందే డిజిటల్ పుస్తకాలు అదే ఊళ్లోని గ్రంథాలయ పాఠకుడికి ఎందుకు అందవు అన్న ప్రశ్నలన్నిటికీ మూలం ఈ తేడాయే. తెలుగు పుస్తకాలకైతే దీనికి తోడు ఫాంట్ల చిక్కు ఒకటుంది.

## వెనక అట్ట లోపలి చీటీ

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో గ్రంథాలయంలో ఒక పాత నవల తీసి వెనక అట్ట తిప్పి చూడండి. లోపలి వైపు గడులు గీసిన చీటీ ఒకటి అతికించి ఉంటుంది. దాని మీద తారీఖుల ముద్రలు, ఒకదాని కింద ఒకటి, కొన్ని వంకరగా, కొన్ని సిరా చాలక సగమే పడి. ముందు పేజీలో లైబ్రరీ ముద్ర, దాని పక్కన చేత్తో రాసిన అక్సెషన్ నంబరు. రిజిస్టర్లో ఆ నంబరు ఎక్కిన రోజు నుంచి ఆ పుస్తకం లైబ్రరీది. ఎంతమందికి ఇవ్వాలి, ఎన్నాళ్లు ఉంచాలి, కుట్లు ఊడితే మళ్లీ బైండింగ్ చేయించాలా వద్దా, అన్నీ లైబ్రరీయే నిర్ణయించుకుంటుంది. వేసిన ప్రచురణ సంస్థ మూతబడినా, కొత్త ముద్రణ ధర నాలుగింతలైనా ఆ చీటీ మీద ముద్రలు మాత్రం పడుతూనే ఉంటాయి.

ఈ మధ్య కౌంటర్ దగ్గర ఇంకో ప్రశ్న వినబడుతోంది. "సార్, ఈ బుక్కు ఫోన్ల చదువుకునేటట్టు ఇయ్యరా?" గ్రూప్స్‌కో, డీఎస్సీకో ప్రిపేర్ అవుతూ పొద్దున్నే వచ్చి రీడింగ్ రూములో కుర్చీ పట్టుకునే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో రోజూ బస్సెక్కి వచ్చేవాళ్లకైతే ఇది మరీ అవసరం. లైబ్రరీలో కంప్యూటర్లు లేకనో, ఇంటర్నెట్ సరిగా రాకనో ఇది కుదరడం లేదని చాలామంది అనుకుంటారు. కంప్యూటర్లు తెచ్చిపెట్టడం పెద్ద కష్టం కాదు. ఆ పుస్తకాన్ని ఫోనుకు పంపే హక్కు లైబ్రరీకి లేకపోవడమే అసలు అడ్డు.

## కాగితానికి ఉన్న స్వేచ్ఛ ఎక్కడిది?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. కాపీరైట్ కింద వచ్చే హక్కులేమిటో అందులో 14వ సెక్షన్ చెబుతుంది. ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు వాటిలో ఒకటి. అయితే అప్పటికే చెలామణీలో ఉన్న ప్రతులకు అది వర్తించదని అక్కడే రాసి ఉంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఒక ప్రతి ఒకసారి అమ్ముడుపోయాక అది ఎవరి చేతికి వెళ్తుందన్నది ప్రచురణకర్త ఆపలేడు. అమెరికాలో 1908లోనే సుప్రీంకోర్టు బాబ్స్-మెరిల్ కేసులో ఈ సూత్రాన్ని ఒప్పుకుంది, తర్వాత అది అక్కడి చట్టంలోకి ఎక్కింది.

ఒకప్పుడు మన గల్లీల్లో అద్దె నవలల షాపులు నడిచాయంటే కారణం ఇదే. డిపాజిట్ కట్టి, రోజుకు ఇంతని ఇచ్చి సీరియల్ నవలలు తెచ్చుకుని చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ షాపుల వాళ్లు ఏ ప్రచురణకర్తనూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. సినిమాలను, పాటల రికార్డులను, కంప్యూటర్ ప్రోగ్రాములను వ్యాపారానికి అద్దెకివ్వడం మీద చట్టం హక్కుదారుకు ప్రత్యేకంగా అదుపు ఇచ్చింది కానీ పుస్తకాలకు అలాంటి అద్దె హక్కు పెట్టలేదు.

ఇక ఈ-బుక్కు సంగతి. కాగితం పుస్తకం ఇస్తే మన చేతిలోది అవతలి చేతిలోకి పోతుంది, ఇక్కడ మిగలదు. ఫైలు పంపితే ఇక్కడిది ఇక్కడే ఉంటుంది, అక్కడ ఇంకోటి పుడుతుంది. చట్టం కళ్లకు అది ఇవ్వడం కాదు, కాపీ చేయడం. ఏ మాధ్యమంలోనైనా ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేయడం కూడా కాపీ తీయడం కిందికే వస్తుందని 14వ సెక్షన్ చెబుతోంది, కాపీ తీయాలంటే హక్కుదారు అనుమతి కావాలి. అందుకే ఈ-బుక్కుల వ్యాపారం అమ్మకంగా కాకుండా లైసెన్సుగా నడుస్తోంది. లైసెన్సులో ఏం రాసుకుంటే అదే చెల్లుతుంది. వందేళ్లకు పైగా చట్టమే ఇచ్చిన స్వేచ్ఛను లైబ్రరీ ఇప్పుడు బేరమాడి తెచ్చుకోవాల్సి వస్తోంది. బేరంలో బలం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ప్రచురణకర్తల వాదన కూడా వినాలి. కాగితం పుస్తకం అప్పు తెచ్చుకోవడానికి పాఠకుడు బయల్దేరి వెళ్లాలి, దొరక్కపోతే ఆగాలి, మళ్లీ తిరిగి ఇచ్చి రావాలి. పుస్తకం కూడా నలుగుతుంది, పోతుంది, లైబ్రరీ ఇంకో ప్రతి కొంటుంది. ఇన్ని ఇబ్బందులుండబట్టే స్తోమత ఉన్నవాళ్లు కొనుక్కుంటున్నారు. మంచం మీద పడుకుని ఒక్క నొక్కుతో ఉచితంగా తెచ్చుకోగలిగితే కొనేవాడెవడు, రచయితకు రాయల్టీ ఎక్కడి నుంచి వస్తుంది అన్నది వాళ్ల భయం. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ఆ ఇబ్బందులనే డిజిటల్లోకి మళ్లీ తెచ్చిపెట్టడం వాళ్లు ఎంచుకున్న దారి.

## లైసెన్సుల్లో రకాలు, వాటి లెక్కలు

డిజిటల్ అప్పులో ఎక్కువగా కనిపించే పద్ధతి ఒక లైసెన్సుకు ఒక పాఠకుడు. లైబ్రరీ రెండు లైసెన్సులు కొంటే ఒక సమయంలో ఇద్దరే చదవగలరు, మూడోవాళ్లు క్యూలో ఉండాలి. సాంకేతికంగా వెయ్యి మందికి ఒకేసారి పంపగలిగే ఫైలుకు క్యూ పెట్టడం వింతగా అనిపించవచ్చు, కానీ కాగితం పుస్తకానికి నకలుగా దాన్ని కావాలనే అలా కట్టారు. లైసెన్సు ఒక్కటే ఉంటే క్యూలో 40వ మనిషికి, రెండు వారాల చొప్పున, దాదాపు ఏడాదిన్నరకు గానీ పుస్తకం అందదు.

దీని మీద గడువు వచ్చి చేరింది. 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ ఒక ఈ-బుక్కు 26 సార్లు అప్పు వెళ్లాక లైసెన్సు అయిపోతుందని, మళ్లీ కొనుక్కోవాలని ప్రకటించింది. రెండు వారాల చొప్పున 26 సార్లంటే 364 రోజులు, అంటే ఆదరణ ఉన్న పుస్తకం బతుకు ఒక ఏడాది. లైబ్రేరియన్లు అప్పట్లో గట్టిగానే వ్యతిరేకించారు, 26 సార్లు తిరిగి కూడా చెక్కుచెదరని కాగితం పుస్తకాలను తీసి చూపించారు. తర్వాత మిగతా పెద్ద సంస్థలు సార్లకు బదులు కాలాన్ని లెక్కబెట్టే దారిలోకి వెళ్లాయి. పెంగ్విన్ రాండమ్ హౌస్ 2018 అక్టోబర్ దాకా అమెరికా లైబ్రరీలకు గడువు లేని లైసెన్సు ఇచ్చేది, గరిష్ఠ ధర 65 డాలర్లు. ఆ తర్వాత ధరను 55కు తగ్గించి గడువును రెండేళ్లు చేసింది.

తగ్గింపులా కనిపించే ఈ మార్పును కాస్త లెక్కేసి చూడాలి. రెండేళ్లలో రెండు వారాల అప్పులు మహా అయితే 52. ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా తిరిగితే ఆ మాట. మన డబ్బులో 55 డాలర్లు, డాలరుకు 85 రూపాయల లెక్కన, 4,675 రూపాయలు. ఒక్కో అప్పుకు 90 రూపాయలు పడినట్టు. మధ్యలో పుస్తకం ఎవరూ అడక్క ఖాళీగా ఉంటే ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. అదే 300 రూపాయల తెలుగు నవల వందసార్లు తిరిగితే అప్పుకు మూడు రూపాయలు, ఆ తర్వాత కూడా అది అల్మరాలోనే ఉంటుంది.

గడువు వల్ల జరిగే ఇంకో నష్టం అంతగా కనబడదు. లైబ్రరీ అంటే ఇవాళ్టి బెస్ట్ సెల్లర్లే కాదు, పదేళ్లకు ఒక్కరు అడిగే పుస్తకం కూడా. రెండేళ్ల తర్వాత మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తే లైబ్రేరియన్ సహజంగానే ఎక్కువమంది అడిగేవాటినే రెన్యువల్ చేయిస్తారు. మిగతావి ఎవరూ తీసేయకుండానే జాబితాలోంచి మాయమవుతాయి.

హూప్లా లాంటి సేవలు ఇంకో పద్ధతిలో నడుస్తాయి. అక్కడ ముందుగా కొనేదేమీ లేదు, క్యూ కూడా లేదు, పాఠకుడు తీసుకున్న ప్రతిసారీ లైబ్రరీకి బిల్లు పడుతుంది. పాఠకుడికి ఇది హాయి. లైబ్రరీకి మాత్రం టెన్షన్, ఎందుకంటే జనం ఎంత ఎక్కువ చదివితే బిల్లు అంత పెరుగుతుంది, అందుకని మనిషికి నెలకు ఇన్నే అని పరిమితి పెడతారు. ఏడాదికి ఇంత అని కట్టి మొత్తం సంపుటి తీసుకునే చందా పద్ధతి కూడా ఉంది, కాలేజీల్లో ఎక్కువగా కనబడేది అదే. దాంట్లో చందా ఆగిన రోజున అల్మరా మొత్తం ఖాళీ.

## ఫోనులో జరిగేదేమిటి?

పాఠకుడు యాప్ తెరిచి లైబ్రరీ కార్డు నంబరు కొడతాడు. అమెరికాలో ఎక్కువమంది వాడే లిబ్బీ యాప్ 2017లో వచ్చింది, దాని వెనక ఉన్నది ఓవర్‌డ్రైవ్ అనే మధ్యవర్తి సంస్థ. 2023లో దాని ద్వారా ఈ-బుక్కులు, ఆడియో పుస్తకాలు, పత్రికలు కలిపి ప్రపంచవ్యాప్తంగా 66 కోట్లకు పైగా అప్పులు వెళ్లాయి. పుస్తకం నొక్కగానే సర్వరు ఆ లైబ్రరీకి ఎన్ని లైసెన్సులున్నాయి, ఎన్ని బయట ఉన్నాయి అని చూసుకుని, ఖాళీ ఉంటే తాళం వేసిన ఫైలునీ, దాంతోపాటు తాళంచెవినీ పంపుతుంది. తాళంచెవికి ఆఖరి తారీఖు రాసి ఉంటుంది. దీన్నే డీఆర్ఎం అంటారు. గడువు రోజున ఫైలు తిరిగి ఎక్కడికీ వెళ్లదు, చెవి పనిచేయడం మానేస్తుందంతే. సర్వరులో లెక్క ఒకటి తగ్గి క్యూలో తర్వాతి మనిషికి మెసేజ్ పోతుంది. ఆలస్య రుసుము ఉండదు, పుస్తకం పోయిందన్న గొడవ కూడా ఉండదు. ఈ మేలును తక్కువ చేసి చూడనక్కర్లేదు.

కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతో ఈ తాళం పగలగొట్టడం మన దగ్గరా నేరమే, 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ దాని గురించే.

ఇందులో పాఠకుడి గోప్యత కూడా ఉంది. వెనక అట్ట లోపలి చీటీ మీద తారీఖులుంటాయి కానీ ఎవరు చదివారో ఉండదు. యాప్‌లో ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అన్నది మధ్యవర్తి కంపెనీ సర్వరులో పడుతుంది. ఆ వివరాలు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరికి ఇస్తారో ఒప్పందంలో రాయించుకోని లైబ్రరీ తన పాఠకుడి చదువును బయటివాళ్ల చేతుల్లో పెట్టినట్టే.

## కోర్టుల దాకా వెళ్లిన తగవులు

మాక్‌మిలన్ సంస్థ 2019 నవంబరు 1 నుంచి కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఎంత పెద్ద లైబ్రరీ వ్యవస్థకైనా ఒక్క ఈ-బుక్ ప్రతే అమ్ముతానంది. ఊరు ఎంత పెద్దదైనా కాపీ ఒకటే. చాలా లైబ్రరీలు ఆ సంస్థ ఈ-బుక్కులు కొనడం ఆపేశాయి, 2020 మార్చిలో సంస్థ ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది.

అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కేసు ఇంకా పెద్దది. తన దగ్గరున్న కాగితం పుస్తకాన్ని స్కాన్ చేసి, కాగితం ప్రతిని పక్కన పెట్టి, దాని బదులు స్కాన్‌ను ఒక సమయంలో ఒకరికే అప్పివ్వడం ఆ సంస్థ పద్ధతి. ప్రతికి ప్రతి సరిపోతోంది కాబట్టి ఇది మామూలు లైబ్రరీ అప్పు లాంటిదేనని వాదించింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల లైబ్రరీలు మూతబడినప్పుడు ఒకరికే అన్న పరిమితి కూడా తాత్కాలికంగా ఎత్తేసింది. జూన్‌లో నాలుగు ప్రచురణ సంస్థలు దావా వేశాయి. 2023 మార్చిలో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ప్రచురణకర్తల వైపే తీర్పిచ్చాయి. ఐదు లక్షలకు పైగా పుస్తకాలు అప్పు జాబితాలోంచి పోయాయి. సొంత కాగితం ప్రతి ఉన్నంత మాత్రాన దాని స్కాన్‌ను అప్పివ్వలేమన్నది అక్కడ తేలిన విషయం.

లైబ్రరీలకు న్యాయమైన షరతుల మీద లైసెన్సు ఇవ్వాలని మేరీల్యాండ్ రాష్ట్రం 2021లో చట్టం చేస్తే, కాపీరైట్ కేంద్ర చట్టం పరిధిలోది, రాష్ట్రం జోక్యం చెల్లదని 2022లో కోర్టు కొట్టేసింది. యూరప్‌లో దారి కాస్త వేరు. నెదర్లాండ్స్ లైబ్రరీల కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016 నవంబరులో ఒక ప్రతి, ఒక పాఠకుడు పద్ధతిలో ఇచ్చే ఈ-బుక్ అప్పు కూడా లైబ్రరీ అప్పు నిబంధన కిందికే రావచ్చని, రచయితకు తగిన ప్రతిఫలం అందాలని చెప్పింది. అప్పుకు లెక్కగట్టి రచయితకు డబ్బు చేరే ఏర్పాటు అక్కడ ముందు నుంచీ ఉండడం దీనికి కలిసొచ్చింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు కాగితం పుస్తకాలకే లేదు.

## మన చట్టం ఏం ఇస్తోంది, ఎక్కడ ఆగుతోంది

ఈ-బుక్ అప్పు గురించి భారత చట్టంలో ప్రత్యేక నిబంధన లేదు. 52వ సెక్షన్ మినహాయింపుల్లో లైబ్రరీలకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేసుకోవచ్చు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లైబ్రరీ వాడకం కోసం మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. కానీ భద్రపరిచిన ఆ ఫైలును పాఠకుడి ఫోనుకు పంపవచ్చని ఎక్కడా లేదు. చెదలు పట్టకుండా దాచుకోవచ్చు, చదివించలేం అన్నట్టుంది పరిస్థితి.

చూపు లేనివాళ్ల విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ముందడుగు వేసింది. అదే 2012 సవరణ వాళ్లకు చదవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చి ఇవ్వడానికి అనుమతిచ్చింది, చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందడం కోసం దేశాలు చేసుకున్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే, 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ మొదలైంది. కావాలనుకుంటే చట్టంలో దారి తీయవచ్చని చెప్పడానికి ఇదే రుజువు.

## ఒకే ఊరు, రెండు రకాల పాఠకులు

వరంగల్ విద్యాసంస్థల ఊరు. నిట్, కాకతీయ యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ సంస్థలకు కేంద్రం వైపు నుంచి సామూహిక ఏర్పాట్లు ఉన్నాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఒకే దేశం, ఒకే చందా పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల 13,000 దాకా జర్నళ్లను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు తెరిచింది, యూజీసీ కింద పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడుపుతోంది. అవి జర్నళ్లు, పుస్తకాలు కావు, కానీ అందరి తరఫునా ఒక్కరే కూర్చుని బేరమాడితే ఏం సాధ్యమో అది చూపిస్తుంది. కాలేజీలకు ఈ-బుక్కుల కోసం ఎన్-లిస్ట్ అనే ఏర్పాటు కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే. ఇక్కడ ప్రచురణకర్తలు కాస్త ఉదారంగానే ఉంటారు, చాప్టర్లను మామూలు పీడీఎఫ్‌గా దించుకోనిచ్చేవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే వేల రూపాయల టెక్నికల్ పుస్తకాన్ని విద్యార్థి సొంత డబ్బుతో ఎలాగూ కొనడు, సంస్థ చందాయే వాళ్ల అసలు ఆదాయం.

కానీ ఆ తలుపు క్యాంపస్ నెట్‌వర్కుకో, సంస్థ ఇచ్చిన లాగిన్‌కో కట్టేసి ఉంటుంది. ఎమ్మెస్సీ పూర్తి చేసి టీసీ తీసుకున్నాక ఆ లాగిన్ పోతుంది. అదే మనిషి నక్కలగుట్టలో రూము తీసుకుని ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూ గ్రంథాలయానికి వస్తే నిన్నటి దాకా చేతిలో ఉన్న పుస్తకాలు ఇవాళ లేవు. చదువు అత్యవసరమైన సమయంలోనే తలుపు మూసుకుంటోంది.

అందరికీ తెరిచినవి లేకపోలేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే అది ముఖ్యంగా వేర్వేరు చోట్ల ఉన్నవాటిని వెతికి చూపించే వేదిక, లైసెన్సు ఉన్న పుస్తకాన్ని అది తెరిచి ఇవ్వలేదు. నిన్న మార్కెట్లోకి వచ్చిన నవల అక్కడ అప్పుకు దొరకదు.

## సెస్సు డబ్బుతో ఎంత దూరం?

తెలంగాణలో పౌర గ్రంథాలయాలు ప్రధానంగా ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సుతో నడుస్తాయి. ఏడాదికి 2,000 పన్ను కట్టే ఇంటి నుంచి 160 రూపాయలు. పైన చెప్పిన అమెరికా ధర ఇక్కడ అలాగే ఉంటుందని కాదు, కొలతకు తీసుకుంటే ఒక్క పుస్తకం రెండేళ్ల లైసెన్సుకు దాదాపు 30 ఇళ్ల ఏడాది సెస్సు కావాలి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో అందక బకాయిలు పేరుకోవడం వేరే కథ, పాత కథ. అందిన డబ్బులోంచే జీతాలు, పేపర్లు, కరెంటు, మరమ్మతులు అన్నీ పోవాలి.

ధర ఒక్కటే కాదు, ఈ-బుక్కు లెక్కల్లో కూడా ఇమడదు. కాగితం పుస్తకం అక్సెషన్ రిజిస్టర్లో ఆస్తిగా ఎక్కుతుంది, స్టాకు తనిఖీలో అల్మరాలోంచి తీసి చూపించవచ్చు. లైసెన్సుకు చూపించడానికేమీ ఉండదు, రెండేళ్ల తర్వాత అసలే ఉండదు. దాన్ని పుస్తకాల పద్దు కింద రాయాలా, కరెంటు బిల్లులాగా ఏటా వచ్చే ఖర్చు కింద రాయాలా అన్నది తేల్చకపోతే సంతకం పెట్టడానికి ఏ అధికారి అయినా వెనకాడతారు. ఆ భయం సహజమే. పన్ను విషయంలో కూడా తేడా ఉంది: అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, అచ్చులోనూ ఉన్న పుస్తకానికి ఈ-బుక్ రూపం మీద 2018 నుంచి 5 శాతం ఉంది.

సర్క్యులేషన్ లెక్క కూడా మన అవసరానికి సరిపోదు. నోటిఫికేషన్ వచ్చాక పరీక్షకు మూడు నెలలు ఉందనుకుంటే ఒక లైసెన్సు మీద రెండు వారాల చొప్పున ఆరుగురే చదవగలరు. రీడింగ్ రూములో అదే పుస్తకం కోసం చూసేవాళ్లు వందల్లో ఉంటారు. ఇలాంటి పుస్తకాలకు రెండు వారాల అప్పు కాకుండా గంటల లెక్కన, లైబ్రరీ ఆవరణలో చదివే డిజిటల్ ప్రతి ఎక్కువ పనికొస్తుంది.

## తెలుగు పుస్తకానికి ఫాంటు చిక్కు

పెద్ద ఇంగ్లిష్ సంస్థలతో బేరం కుదిరినా తెలుగు పుస్తకం రాదు, ఎందుకంటే చాలా తెలుగు పుస్తకాలకు ఈ-బుక్కే లేదు. దశాబ్దాలుగా మన డీటీపీ సెంటర్లలో పేజీలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టారు. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో లేవు. ఆ ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ, కొక్కేలూ, డాలరు గుర్తులూ కలిసిన గజిబిజి వస్తుంది. తెరమీద తెలుగులా కనబడింది ఆ ఫాంటు వేసిన బొమ్మే తప్ప అడుగున తెలుగు లేదు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు అటూఇటూ అవుతాయి, సున్నాలు ఎగిరిపోతాయి, దాంతో 250 పేజీల పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి ప్రూఫ్ చూడాల్సిందే. ఐదు వందలో వెయ్యో కాపీలు వేసుకునే ప్రచురణకర్తకు, అందులోనూ సొంత డబ్బు పెట్టుకుని వేసుకునే రచయితకు ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషలతో మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు.

ఈ ఖాళీని టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు నింపుతున్నాయి. ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి, వంకర పేజీలు, వేలి నీడలతో సహా ఫైలు చేసి పంపుతారు. పంపేవాళ్లలో ఎక్కువమందికి చెడు ఉద్దేశం లేదు, చదవాలన్న ఆత్రమే. కానీ వెయ్యి కాపీలు వేసుకున్న రచయితకు రెండు మూడు వందల కాపీల అమ్మకం పోతే తర్వాతి పుస్తకం ఆగిపోతుంది. పైరసీ వల్ల ప్రచురణకర్త ఈ-బుక్కు వేయడానికి భయపడతాడు, ఈ-బుక్కు లేక పాఠకుడు పీడీఎఫ్ కోసం చూస్తాడు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలంటే లైబ్రరీయే దారి.

## ఇకముందు

తెలుగులో ఒక అనుకూలత ఉంది. అమెరికాలో లాగా ఇక్కడ ఐదు భారీ ప్రచురణ సంస్థల గుత్తాధిపత్యం లేదు, చిన్న ప్రచురణకర్తలు, రచయితలు నేరుగా మాట్లాడటానికి అందుబాటులో ఉన్నారు. జిల్లాకొకటిగా కాకుండా రాష్ట్రం మొత్తం గ్రంథాలయాల తరఫున ఒక్క ఒప్పందం చేసుకుని, అచ్చు ధరకు రెండింతలో మూడింతలో ఇచ్చి, గడువు లేని లైసెన్సు అడిగితే చాలామంది రచయితలకు అది ఇప్పుడొచ్చే దానికంటే మంచి డబ్బే అవుతుంది. యూనికోడ్‌లోకి మార్చే ఖర్చు లైబ్రరీ భరించి ఆ ఫైలును రచయితకు కూడా ఇచ్చేస్తే రెండు వైపులా లాభం. తాళం వేసే పనికి యూరప్ లైబ్రరీలు వాడే రీడియం ఎల్‌సీపీ లాంటి ప్రమాణాలు ఉన్నాయి, ఒకే కంపెనీ యాప్‌కు కట్టుబడిపోనక్కర్లేదు. ఏ లైసెన్సు అయినా సంతకానికి ముందు చూడాల్సింది ధర ఒక్కటే కాదు: మధ్యవర్తి మారితే పుస్తకాలు మనతో వస్తాయా, అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఏ ఒప్పందమూ అక్కర్లేని పుస్తకాలు కూడా ఉన్నాయి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 2002లో పోయిన కాళోజీ రచనలకు 2062 చివరి దాకా అనుమతి కావాలి, 1987లో పోయిన దాశరథి కృష్ణమాచార్య రచనలకు 2047 చివరి దాకా. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన రచనల మీద హక్కులు 2013తో ముగిశాయి. పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి చదివించిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు, 2022 జనవరి 1 నుంచి ఆయన రాసినవి ఎవరైనా వేసుకోవచ్చు. 1904లో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం హన్మకొండలోనే ఉంది, పాత ముద్రణలకు కొరత లేదు. ఒక పాత ప్రతిని శుభ్రంగా స్కాన్ చేసి, యూనికోడ్‌లో టైపు చేయించి, ప్రూఫ్ చూసి పెడితే దానికి తాళం అక్కర్లేదు, క్యూ ఉండదు, ఏటూరునాగారంలో ఉన్నవాళ్లూ హన్మకొండలో ఉన్నవాళ్లూ ఒకే రాత్రి అదే పుస్తకం చదువుకోవచ్చు.